మా అమ్మ మొదటి పాఠం ‘రొయ్య’

“అ... అమ్మ.”

పలక మీద రాసి చూపించాను. మా అమ్మ పలక వైపు చూడలేదు, నా మొహం వైపు చూసింది.

“అమ్మని నేనే కదే. నాకే చెప్తావేంటి?”

అరుగు మీద కూర్చున్న పిన్నిలూ అత్తయ్యలూ ఒకటే నవ్వు. నేనూ నవ్వేశాను. కానీ ‘ఆ... ఆవు’ దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు పనుందని లేచారు. మర్నాడు తొమ్మిది మందికి నలుగురే వచ్చారు. మూడో రోజు మా అమ్మ ఒక్కతే మిగిలింది. అదీ చదువు మీద ఇష్టంతో కాదు, నా మీద జాలితో.

తమాషా ఏంటంటే, అప్పటికి నేను పీజీ చదువుతున్నది సరిగ్గా ఈ విషయంలోనే. ఎం.ఏ. వయోజన విద్య. అంటే పెద్దవాళ్లు ఎలా నేర్చుకుంటారు, వాళ్లకి ఎలా నేర్పాలి అన్న చదువు. పుస్తకాల్లో చదివింది మా అరుగు మీద మూడు రోజుల్లో తేలిపోయింది. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఉల్లిపాయల మధ్య ఒక పీజీ

మాది కొల్లేటి లంక ఊరు, కైకలూరు వైపు. డిగ్రీ ఏలూరులో చేశాను. ఉద్యోగం తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల మార్కెట్లో ఒక కమీషన్ దుకాణం లెక్కలు చూడటం. ఏలూరులో గది, పొద్దున్నే ప్యాసింజరు. దెందులూరు, భీమడోలు, పూళ్ళ, కైకరం, చేబ్రోలు... ఈ స్టేషన్ల పేర్లు నాకు ఎక్కాల్లాగా వచ్చు. శనివారం రాత్రికి ఊరు చేరితే మళ్లీ సోమవారం పొద్దున బండి.

గూడెంలో నిట్ ఉంది. పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. నాకు కావాల్సిన కోర్సు మాత్రం రెండింట్లోనూ లేదు. అందుకే దూరవిద్యలో, ఇగ్నోలో చేరాను. పోస్టులో పుస్తకాల కట్ట వచ్చింది. రైల్లో చదవడం, ఆదివారం అసైన్‌మెంట్లు రాయడం, టర్మ్ చివర పరీక్షలు. అదీ నా యూనివర్సిటీ.

“ఏం చదువుతున్నావ్?” అని ఎవరైనా అడిగితే చెప్పేదాన్ని. వెంటనే రెండో ప్రశ్న రెడీగా ఉండేది. “అంటే రాత్రి బడా? దానికి పీజీ ఎందుకు?”

ఆ ప్రశ్నకి నా దగ్గర చాలాకాలం జవాబు లేదు. నేను చేరింది కూడా పెద్ద ఆశయంతో కాదు. మా అమ్మ రొయ్యల షెడ్డులో పనికి వెళ్తుంది. తెల్లవారకముందే వ్యాను వచ్చి ఊళ్లో ఆడవాళ్లని ఎక్కించుకుపోతుంది. రోజంతా ఐసు నీళ్లలో చేతులు పెట్టి రొయ్యలు ఒలవాలి. ఎన్ని కిలోలు ఒలిస్తే అంత కూలి. సాయంత్రం ఒక చీటీ ఇస్తారు. ఆ చీటీలో ఏముందో మా అమ్మకి తెలీదు. నేను ఇంటికి వచ్చే దాకా ఆరు చీటీలు బియ్యం డబ్బా మీద, గిన్నె కింద పెట్టి ఉంచేది. “చూడవే, ఎంత రాశాడో” అని శనివారం రాత్రి నా ముందు పరిచేది. అప్పటికి రేటు తప్పినా, బరువు తప్పినా అడిగే సమయం దాటిపోయేది.

2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 67 శాతం అయితే, అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో 74 శాతం దాటింది. ఇప్పటి రాష్ట్రంలో మిగిలిన జిల్లాలన్నిటికంటే అదే ఎక్కువ. మేం గర్వంగా చెప్పుకునే అంకె. కానీ ఏడేళ్లు దాటిన ప్రతి నలుగురిలో ఒకరు చదవలేరని కూడా అదే అంకె చెప్తోంది. ఆ నాలుగో మనిషి మా ఇంట్లోనే ఉంది.

ఖాళీ కుండ కాదు

మూడు రోజుల్లో బడి మూతపడ్డాక మళ్లీ పుస్తకాలు తీశాను. ఈసారి పరీక్ష కోసం చదవలేదు, ఎక్కడ తప్పు చేశానా అని చదివాను.

మాల్కం నోల్స్ అని ఒక అమెరికన్ ప్రొఫెసర్. పిల్లలకి చెప్పే పద్ధతి వేరు, పెద్దలకి చెప్పే పద్ధతి వేరు అని 1970లో ఒక పెద్ద పుస్తకమే రాశాడు. ఆ రెండో పద్ధతికి ఆండ్రగాజీ అని పేరు. మాట ఆయన కనిపెట్టింది కాదు, 1833లోనే ఒక జర్మన్ ఉపాధ్యాయుడు వాడాడు. నోల్స్ దాన్ని ప్రపంచానికి తెలిసేలా చేశాడు.

ఆయన చెప్పింది మన మాటల్లో ఇదీ. పెద్దవాళ్లకి ముందు ‘ఇది నాకెందుకు’ అన్నది తెలియాలి. తమ బతుకు తామే నడుపుకుంటున్న మనుషులు కాబట్టి పిల్లల్లా చూస్తే ఊరుకోరు. ఎప్పుడో పనికొచ్చేది కాదు, రేపు పొద్దున పనికొచ్చేది కావాలి. అన్నిటికంటే ముఖ్యం, వాళ్లు ఖాళీగా రారు. నలభై ఏళ్ల అనుభవం వెంటబెట్టుకుని వస్తారు.

ఇది చదువుతుంటే నాకు మా అత్తయ్య గుర్తొచ్చింది. ఆవిడకి సంతకం రాదు. కానీ చేపల చెరువు గట్టు మీద నిలబడి, తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే చాలు, “నీళ్లలో గాలి తగ్గింది, మోటారు వెయ్యండ్రా” అని కేకేస్తుంది. రాత్రంతా నాచుతో సహా నీళ్లలో ఉన్నవన్నీ ప్రాణవాయువు వాడేసుకుంటాయి, ఎండ లేదు కాబట్టి కొత్తది తయారవదు, అందుకే తెల్లవారేసరికి అది బాగా పడిపోతుంది. చదువుకున్న టెక్నీషియన్ మీటరు ముంచి చెప్పేదీ అదే. మబ్బు పట్టిన రోజు మేత తగ్గించాలని ఆవిడకి తెలుసు. బొచ్చె పైన తింటుంది, శీలావతి మధ్యలో, మోసు అడుగున అని తెలుసు.

అంత తెలిసిన మనిషికి నేను ‘ఆ... ఆవు’ అని చెప్పాను. లేచి వెళ్లిపోక ఏం చేస్తుంది?

రొయ్యలోంచి రాయి

రెండో పాఠం బ్రెజిల్ నుంచి వచ్చింది. పాలో ఫ్రేరి పేరు మీలో కొందరు వినే ఉంటారు. 1963లో అంజికోస్ అనే ఊళ్లో, సుమారు 300 మంది కూలీలకి దాదాపు 40 గంటల తరగతుల్లో చదవడం రాయడం నేర్పించి చూపించాడు. మర్నాటి ఏడాది అక్కడ సైన్యం గద్దెనెక్కింది. ఫ్రేరిని జైల్లో పెట్టారు, తర్వాత దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది. చదువు చెప్పినందుకు జైలు ఏంటా అనుకున్నాను. ఆ ముక్క అప్పుడు అర్థం కాలేదు.

ఆయన పద్ధతి వింటే ఇంతేనా అనిపిస్తుంది. ముందు ఊళ్లో కూర్చుని జనం మాటలు వినాలి. వాళ్లు రోజూ వాడే మాటల్లోంచి, వాళ్ల కష్టసుఖాలు దాగున్న కొన్ని మాటలు ఏరుకోవాలి. కట్టుబడి కూలీలకైతే ‘ఇటుక’. ముందు ఆ మాట గురించి మాట్లాడుకోవాలి. ఇటుక ఎవరు చేస్తారు, ఇల్లు ఎవరిది అని. తర్వాతే అక్షరాలు. ఆ మాటని ముక్కలు చేసి, ముక్కలతో కొత్త మాటలు కట్టుకోవాలి.

పలకలు పక్కన పడేశాను. తర్వాతి శనివారం అరుగు మీద ఒకటే అడిగాను. “పిన్నీ, మీకు ఏది చదవడం వస్తే బాగుణ్ణనిపిస్తుంది?”

బైబిలో భాగవతమో అంటారనుకున్నాను. వచ్చిన జవాబులు ఇవి. షెడ్డు చీటీ. బస్సు బోర్డు. డ్వాక్రా పుస్తకంలో నా పేరు ఎదురుగా ఉన్న అంకె. మాత్రల అట్ట మీద తేదీ. ఫోన్లో ఎవరు చేస్తున్నారో పేరు. ఒక పిన్ని కాస్త ఆగి, “మా ఆయన వాట్సాప్‌లో ఎవరికేం పెడతాడో” అంది. అరుగు దద్దరిల్లింది.

మొదటి మాట ‘రొయ్య’ అని అందరూ కలిసి తేల్చారు. తెలుగు వాచకాల్లో మొదటి పాఠంగా ఎవరూ పెట్టరు. ఒత్తు ఉంది, ఒకారం ఉంది. టీచర్లు చూస్తే తిడతారు. కానీ ఆ రోజు గంటసేపు అక్షరం ముట్టుకోకుండా రొయ్య గురించే మాట్లాడుకున్నాం. ఎక్కడ పెరుగుతుంది, ఎవరు ఒలుస్తారు, వేళ్లు ఎందుకు తెల్లబడి పగులుతాయి, కిలోకి మనకెంత, ఊరు దాటాక ఎంత. చివర్లో పెద్ద అక్షరాలతో రాశాను. అందరూ వేలితో దిద్దారు.

మర్నాడు దాన్ని విడదీశాం. ర, య. గుణింతం మొత్తం వద్దు, కావాల్సినంతే. “ర కి దీర్ఘం ఇస్తే రా. య కి గుడి ఇస్తే యి. కలిపి చదవండి.”

“రాయి!” అంది అమ్మ. కాసేపాగి, “బండరాయా, నువ్వు రాయి అనేదా?” అని అడిగింది.

రెండూ అదే అని చెప్పాను. అమ్మ బలపం తీసుకుని ఆ మాట తనంతట తాను రాసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పక్కావిడ బలపం లాక్కుని తనూ రాసింది.

అసలు అడ్డం చత్వారం

ఇక్కడితో కథ సుఖాంతం అనుకోకండి. ఆరో వారానికి మళ్లీ ముగ్గురు తగ్గారు. ఒకావిడకి ఇంట్లో పోరు. “ఈ వయసులో చదివి కలెక్టరవుతావా?” అని. అది నేను ఊహించిందే. మిగతా ఇద్దరు మాత్రం “మా బుర్రకి ఎక్కట్లేదమ్మాయ్” అని మానేశారు.

వాళ్లలో ఒకావిడ ఓ రోజు బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేటని చేతులు చాచి దూరంగా పట్టుకుని చూస్తోంది. అప్పుడు వెలిగింది. బుర్రకి ఎక్కకపోవడం కాదు, కంటికి ఆనకపోవడం. నలభై దాటితే దగ్గరి చూపు మసకబారడం మామూలే. మనం చత్వారం అంటాం. చదువుకున్నవాళ్లకి పేపరు చదువుతుంటే తెలిసిపోతుంది. అసలు చదవని మనిషికి ఎలా తెలుస్తుంది?

ఏలూరులో ఉచిత కంటి పరీక్ష ఉన్న రోజు చూసి ఆరుగుర్ని తీసుకెళ్లాను. ఐదుగురికి దగ్గరి చూపు అద్దాలు రాశారు. అద్దాలు పెట్టుకున్నాక ఆ పిన్ని అన్న మాట, “అమ్మాయ్, నా చేతి గీతలు కనపడుతున్నాయే!”

బుర్రకి ఎక్కట్లేదన్న మనిషి పది రోజుల్లో తన పేరు రాసింది. మానేసినవాళ్ల గురించి మనం ‘ఆసక్తి లేదు’ అని రాసుకుంటాం. ఆసక్తి లేకపోవడానికి ముందు ఏమేం లేవో చూడటం ఈ చదువు నేర్పుతుంది. అద్దాలు, వెలుతురు, వంటకి ముందో వెనకో ఒక గంట, చంటిపిల్లని ఎత్తుకునే ఇంకో మనిషి. చెప్పడానికి చిన్న విషయాలే.

13 కాదు, 18

అక్షరాలకంటే అంకెలు తొందరగా వచ్చాయి. ఫోన్ నొక్కడం వల్ల సగం ముందే తెలుసు. షెడ్డులో కాటా మీద ఎర్రగా వెలిగే అంకెలు చదవడం అమ్మకి ఆటలా తయారైంది.

నాలుగో నెలలో ఒక సాయంత్రం కాటా మీద 18 చూసింది. చేతికొచ్చిన చీటీలో 13 ఉంది. ఇదివరకైతే ఆ చీటీ శనివారం దాకా గిన్నె కింద ఉండేది. ఆ రోజు అక్కడే నిలబడి, “బాబూ, ఇది మూడు. కాటా మీద ఎనిమిది పడింది” అంది.

రాసే కుర్రాడు చూసి దిద్దాడు. “హడావుడిలో పడిందండి” అన్నాడు. నిజంగా పొరపాటే కావచ్చు. కానీ వెనక వరసలో ఉన్నవాళ్లంతా తమ చీటీలు తీసి చూడటం మొదలుపెట్టారు. వాళ్లలో మా అరుగు బడివాళ్లు ఐదుగురు. ఇంకో రెండు చీటీలు దిద్దాల్సి వచ్చింది.

మర్నాడు వ్యాను మా వీధిలోకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. “పని తక్కువగా ఉంది” అని కబురు. పక్క వీధికి మాత్రం వస్తోంది. నాలుగు రోజులు. ఆరుగురు ఆడవాళ్ల నాలుగు రోజుల కూలి.

నేను గూడెంలో ఉల్లి బస్తాల లెక్క రాస్తుంటే ఫోన్లో ఈ విషయం తెలిసింది. చేతులు చల్లబడ్డాయి. ఐదు కిలోల కూలి దక్కింది, నాలుగు రోజుల కూలి పోయింది. ఈ లెక్క నేనే కదా నేర్పింది? ఫ్రేరిని జైల్లో ఎందుకు పెట్టారో ఆ సాయంత్రం ప్యాసింజరులో కూర్చుంటే అర్థమైంది. అక్షరం వచ్చిన మనిషి చీటీ చదివి ఊరుకోదు. అడుగుతుంది. అడిగినదానికి ఖర్చు పెట్టుకోవాల్సింది నేర్పినవాళ్లు కాదు, నేర్చుకున్నవాళ్లు.

ఇంటికి వెళ్లి, “పోనీ ఆపేద్దామా అమ్మా?” అన్నాను.

“ఆపితే? తెలిసిన ఎనిమిది మళ్లీ తెలీకుండా పోద్దా?” అంది అమ్మ.

ఐదో రోజు పట్టుబడి ఎక్కువై, ఒలిచే చేతులు చాలక వ్యాను వచ్చింది. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. ఇప్పుడు మా వీధి ఆడవాళ్లు కాటా మీద అంకె పైకి చదువుతారు. ఒకావిడ దగ్గర చిన్న నోటు పుస్తకం ఉంటుంది, అందరి కిలోలూ అందులో ఎక్కుతాయి. గొడవ పడకుండానే చీటీలు సరిగ్గా వస్తున్నాయి.

ఇది మనకి కొత్త కాదు

నా భయం పోగొట్టింది మళ్లీ చదువే. మన నేల మీదే ఇలాంటివి ఎన్ని జరిగాయో అప్పుడు వెతికాను.

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. ఆ రాత్రి బడుల్లో ఆడవాళ్లు చదివిన పాఠాల్లో, ఊళ్లో సారాకి ఎదురు తిరిగిన ఆడవాళ్ల కథ ఒకటి ఉంది. దూబగుంట ఆడవాళ్లు దాన్ని పాఠంగా వదిలెయ్యలేదు. తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా వినపడింది. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం. అది తర్వాత నిలవలేదు, నిజమే. కానీ వాచకంలో ఒక పాఠం ఎంత దూరం వెళ్లగలదో చూడటానికి ప్రపంచంలో వయోజన విద్య చదివేవాళ్లు ఇప్పటికీ నెల్లూరు గురించి చదువుతారు.

ఇంకా వెనక్కి వెళ్తే, 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా. మా కొల్లేరు కాదు, కృష్ణకి అవతలి గట్టున ఉన్న కొల్లూరు. పడవ ఊరి రేవులో ఆగితే జనం పుస్తకం తీసుకునేవాళ్లు. మొబైల్ లైబ్రరీ అని ఇప్పుడు మనం అంటున్నది అదే కదా.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ సంగతి తీసుకోండి. రాజమండ్రిలో పుట్టారు. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకి వెళ్లొచ్చాక, పెద్దయ్యాక, మెట్రిక్ కట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో ఆనర్స్ చేసి, మద్రాసులో లా చదివారు. ఆ దారి ఎంత కష్టమో తెలిసిన మనిషి కాబట్టే, చదువు మధ్యలో ఆగిన ఆడవాళ్లు తక్కువ కాలంలో పరీక్షలకి తయారయ్యే కోర్సుల్ని దేశమంతా మొదలుపెట్టించారు.

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా మనదే. 1982లో మొదలైంది, ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉంది. ఇంటర్ లేనివాళ్లు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి పెట్టింది. దాని మొదటి వైస్ ఛాన్సలర్ జి. రామిరెడ్డి గారే 1985లో ఇగ్నోకి కూడా మొదటి వైస్ ఛాన్సలర్. నేను రైల్లో చదివిన పుస్తకాల వెనక ఒక తెలుగాయన ఉన్నాడని తెలిశాక ఆ కట్టని ఇంకాస్త జాగ్రత్తగా సర్దుకున్నాను.

మా నాన్న కూడా విద్యార్థే

ఈ సబ్జెక్టుకి ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న మాట ‘జీవితకాల అభ్యసనం’. పలకడానికి బరువుగా ఉంది గానీ విషయం తేలిక. చదువు అంటే ఇరవై రెండేళ్లకి అయిపోయేది కాదు అని. 2020 జాతీయ విద్యా విధానంలో దీనికి ఒక అధ్యాయమే ఉంది. అక్షరాలు, లెక్కలతో పాటు డబ్బు లావాదేవీలు, ఫోన్ వాడకం, ఆరోగ్యం, వృత్తి నైపుణ్యాలు అన్నీ అందులోకి వస్తాయి. 2022 నుంచి నడుస్తున్న ‘ఉల్లాస్’ కార్యక్రమం కూడా ఆ దారిలోదే. పదిహేనేళ్లు దాటిన ఎవరైనా నేర్చుకోవచ్చు, మనలాంటివాళ్లు వాలంటీర్లుగా నేర్పొచ్చు.

మా నాన్ననే చూడండి. కొల్లేటిలో ఐదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో సరస్సు అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. గూడబాతులకి ఆ నీళ్లు కావాలి, కాదనను. ఆటపాకలో వాటిని చూడటానికి నేనూ వెళ్తాను. కానీ ఆ ఏడాది నాన్నకి చేతిలో ఉన్న పని పోయింది. తాటిదోనె నడపడం, వల వెయ్యడం తప్ప ఇంకోటి రాని మనిషి ముప్పై ఏళ్లు దాటాక స్టీరింగు పట్టుకున్నాడు. ఇప్పుడు ఐసు వ్యాను నడుపుతాడు. డ్రైవింగు నేర్పింది ఓ స్నేహితుడు, జీపీఎస్ చూడటం నేర్పింది మా తమ్ముడు. ఏ సర్టిఫికెట్టూ లేదు గానీ అదీ చదువే.

వెంకట్రామన్నగూడెం కృషి విజ్ఞాన కేంద్రంలో రైతులు కొత్త అంట్లు కట్టడం నేర్చుకుంటున్నా, మీ నాన్నగారు ఫోన్‌పే చెయ్యడం నేర్చుకుంటున్నా, మీరు ఆఫీసులో కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నా ఇందులోకే వస్తుంది. ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకి ఫోన్లో ఏదైనా నేర్పేటప్పుడు ఫోన్ వాళ్ల చేతిలో ఉందా, మీ చేతిలో ఉందా? ‘ఇటివ్వు, నేను చేస్తా’ అని లాక్కుని ఉంటే మీరు పని చేసిపెట్టారు, నేర్పలేదు. నేనూ ఏళ్ల తరబడి చేసింది అదే. శనివారం రాత్రి చీటీలు చదివిపెట్టడం.

మీరూ చదవాలనుకుంటే

ఈ పీజీ చేస్తే లక్షల ప్యాకేజీ వస్తుందని చెప్పను. కానీ దారులు ఉన్నాయి.

ఏ డిగ్రీ ఉన్నా ఇగ్నో ఎం.ఏ. వయోజన విద్యకి అర్హతే. కనీసం రెండేళ్లు. ఉద్యోగం చేస్తూ చదవొచ్చు. చేరకముందు పుస్తకాలు ఎలా ఉంటాయో చూడాలంటే ఇగ్నో వాళ్ల ఈజ్ఞాన్‌కోశ్ వెబ్‌సైట్లో ఉచితంగా చదువుకోవచ్చు. నేను ఇంగ్లీషులోనే చదివాను. మొదటి రెండు నెలలు కష్టంగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

రెగ్యులర్‌గా అయితే ఢిల్లీ యూనివర్సిటీలో జీవితకాల అభ్యసనం, విస్తరణపై ఎం.ఏ. ఉంది. మన దగ్గర తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ వయోజన విద్య విభాగాలున్నాయి. ఏ ఏడాది ఏ కోర్సుకి సీట్లిస్తారో నోటిఫికేషన్ చూసుకోవాలి. విదేశాలకి వెళ్లాలనుకునేవాళ్లకి గ్లాస్గో విశ్వవిద్యాలయం మరికొన్ని యూరప్ యూనివర్సిటీలతో కలిసి నడిపే ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ ఉంది.

యూజీసీ నెట్‌లో వయోజన విద్యకి విడిగా ఒక సబ్జెక్టు ఉంది, కోడ్ 46. జేఆర్ఎఫ్ వస్తే పరిశోధన చెయ్యొచ్చు. జన శిక్షణ సంస్థాన్లు, స్వచ్ఛంద సంస్థలు, నైపుణ్య శిక్షణ కేంద్రాలు, కంపెనీల ట్రైనింగ్ విభాగాలు... పెద్దవాళ్లకి నేర్పే పని ఎక్కడున్నా ఈ చదువు పనికొస్తుంది.

వీటన్నిటికంటే ముందు ఒక పని చెయ్యండి. మీ ఇంట్లోనో వీధిలోనో ఒక పెద్ద మనిషిని ‘మీకు ఏది చదవడం వస్తే బాగుణ్ణు?’ అని అడగండి. జవాబు వినే ఓపిక మీకుంటే ఈ కోర్సు మీకు నప్పుతుంది.

అయిపోయినట్టేనా?

నా పీజీ ఈ ఏడాది పూర్తయింది. తొమ్మిది మందిలో ఆరుగురు మిగిలారు. ముగ్గురు బస్సు బోర్డులు తడుముకోకుండా చదువుతారు. ఇద్దరు పేరు, అంకెల దగ్గరే ఆగారు, వాళ్లకి అది చాలట. ఇంట్లో పోరు పడలేక మానేసినావిడ మళ్లీ రాలేదు. దారిలో కనిపిస్తే మొహం తిప్పుకుంటుంది. ఆవిడ కోసం ఏం చెయ్యాలో ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఇంకా వెతుకుతున్నాను.

మార్కుల షీటు వచ్చిన రోజు అమ్మ అద్దాలు పెట్టుకుని దాన్ని చేతిలోకి తీసుకుంది. ఇంగ్లీషు కాబట్టి అంకెలే చదివింది. ఒక్కో పేపరు పక్కన వేలు పెట్టి పైకి చదివి, అన్నీ అయ్యాక అడిగింది.

“అయితే నీ చదువు అయిపోయినట్టేనా?”

ఔననబోయి ఆగాను. రెండేళ్లు చదివిందే ‘చదువు అయిపోదు’ అని కదా.

నేను ఆలోచించేలోపే అమ్మ రెండో మాట అంది. “పదో తరగతి ఓపెన్‌లో కట్టొచ్చంట కదా. మనూరి అంగన్‌వాడీ ఆయా కడుతోందంట. నాకు ఎన్నేళ్లు పడుద్దంటావ్?”

లెక్క వేసి చెప్తానన్నాను. “తొందరేం లేదులే, ఈ శనివారం బండి మాత్రం తప్పించుకోకు” అని మార్కుల షీటు మడిచి బియ్యం డబ్బా మీద పెట్టింది. చీటీలు ఉండే చోటే.